రెక్క ఎక్కడ తగులుతోంది?



మనం సంక్రాంతికి ఇళ్ళకు రంగులు వేయించుకుంటాం. రంగుల మేస్త్రీకి కబురు చేసే ముందు చూసుకోవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో పాత ఇనప కిటికీలుంటే, వాటిలో సరిగ్గా మూతపడనివి ఏవో ఒకసారి చూడండి. రంగు పడ్డాక చూద్దాంలే అనుకుంటే మళ్ళీ రంగులేసే దాకా ఎవరూ ఆ ఊసెత్తరు. పైగా కొత్త రంగు వాటి జబ్బును ఇంకాస్త ముదరబెడుతుంది. అదెలాగో, దానికి మందేమిటో ఇవాళ చెబుతాను.

నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా 1960ల నుంచి 80ల దాకా కట్టిన ఇళ్ళ సంగతి. రైల్వే క్వార్టర్లు, హౌసింగ్ బోర్డు ఇళ్ళు, పాత ఆస్పత్రులు, కాలేజీ హాస్టళ్ళు, బ్యాంకు ఉద్యోగుల కాలనీలు. వీటిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే రకం కిటికీ. బయటికి తెరుచుకునే రెక్కలు, వాటిలో అద్దాలు, రెక్క కింద చిల్లులున్న బద్ద, మూసి బిగించడానికి ఒక తిప్పుడు పిడి. అల్యూమినియం జరుగుడు కిటికీలు, ఆ తర్వాత ప్లాస్టిక్ కిటికీలు వచ్చి వీటిని వెనక్కి నెట్టాయి గానీ, ఇప్పటికీ మన ఊళ్ళలో ఇవి లక్షణంగా గోడల్లో ఉన్నాయి. కొన్ని మూతపడవు, అంతే తేడా.

మూతపడకపోతే ఏమవుతుందో విశాఖపట్నం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడింది. బిగువుగా మూసిన కిటికీకీ, వేలెడు సందు మిగిలిన కిటికీకీ తేడా ఏమిటో అలాంటి గాలిలో తెలుస్తుంది. బయటికి తెరుచుకునే రెక్క కదా, సందు దొరికితే గాలి దాని వెనక్కి దూరి బయటికి విరిచేస్తుంది. మామూలు రోజుల్లో అయితే ఇంత ప్రమాదం లేదు. జల్లు పడి మంచం తడుస్తుంది, దోమలొస్తాయి, గాలికి రెక్క టకటకా కొట్టుకుంటూ రాత్రంతా నిద్ర పట్టనివ్వదు.

ముందు ఈ కిటికీ కట్టుబడి కాస్త తెలుసుకుందాం. గోడలో దిగిన చట్రం ఒకటి, దానికి బందులతో తగిలించిన రెక్క ఒకటి. రెండూ ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసిన సన్నటి ఉక్కు కమ్మీలతో చేసినవే. కమ్మీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు జెడ్ అక్షరంలా ఉంటుంది. అందుకే ఇనుము కొట్లలో దీన్ని జెడ్ సెక్షన్ అంటారు. రేకు మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. రెక్క మూసినప్పుడు దాని అంచు చట్రం అంచు మీద రెండు వరుసల్లో ఆనుతుంది, బయట ఒక వరుస, లోపల ఒక వరుస. చుట్టూ నాలుగు పక్కలా ఇలా ఆనితేనే వాన ఆగుతుంది. చెక్క కిటికీ బిగుసుకుంటే వడ్రంగి చిత్రిక పట్టి నాలుగు పొరలు లేపేస్తాడు. ఇక్కడ చిత్రిక పట్టడానికేముంది? మూడు మిల్లీమీటర్ల ఉక్కు. అందులో ఒక మిల్లీమీటరు అరగదీస్తే మూడో వంతు మందం పోయినట్టే. గ్రైండరు పట్టుకుని వచ్చేవాణ్ణి గుమ్మంలోనే ఆపమని నేను చెప్పేది అందుకే.

వీటి పుట్టిల్లు ఇంగ్లండు. ఎసెక్స్ ప్రాంతంలోని బ్రెయిన్‌ట్రీ ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు నడుపుకునే కుటుంబంలోని ఫ్రాన్సిస్ హెన్రీ క్రిట్టాల్ 1884లో ఇనప కిటికీలు చేయడం మొదలుపెట్టాడు. వ్యాపారం ఎంత పెరిగిందంటే, 1926 నుంచి తన కార్మికుల కోసం సిల్వర్ ఎండ్ అని ఒక ఊరే కట్టించాడు. ఆ ఇళ్ళకు పెట్టిన కిటికీలన్నీ తన కార్ఖానాలో చేసినవే. ఆ ఊరు ఇప్పటికీ ఉంది. మన దగ్గర ఈ పనికి ఐఎస్ 1038 అని భారతీయ ప్రమాణం ఉంది. 1983లో దాన్ని సవరించారు. ఈ ప్రమాణం వల్ల మనకు ఒరిగిన మేలు ఒకటుంది. ఏ ఊరి కార్ఖానాలో చేసినా కమ్మీల కొలతలు దాదాపు ఒకటే. కాబట్టి మీ కిటికీలోంచి చిన్న ముక్క కోసుకుని పెద్ద ఇనుము కొట్టుకు పట్టుకెళితే అదే కమ్మీ ఇవాళ కూడా దొరికే అవకాశం ఉంది.

సరే, అసలు విషయానికి వద్దాం. కిటికీ మూతపడకపోతే మనం మొట్టమొదట చేసే పని ఏమిటి? రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగడం. అప్పటికీ రాకపోతే, పిడిని బలవంతంగా తిప్పి దాని ముక్కుతో రెక్కను ఈడ్చడం. కిటికీని చాలావరకు పాడు చేసేది ఈ లాగుడే.

ఎందుకంటారా? లెక్క చూడండి. రెక్క వెడల్పు 500 మిల్లీమీటర్లు అనుకోండి. బందు ఇరుసుకు 20 మిల్లీమీటర్ల దూరంలో, అంటే బందుల పక్క అంచు మీద, ఒక్క మిల్లీమీటరు మందాన రంగు పెళ్ళ అడ్డం పడింది. రెక్క అక్కడ ఆగిపోతుంది. అప్పుడు అవతలి అంచులో, పిడి ఉన్న పక్క, సందు ఎంత మిగులుతుంది? 25 మిల్లీమీటర్లు! అంటే ఒక అంగుళం. మనం చూసేది ఆ అంగుళం సందునే. అబ్బో, రెక్క వంకరపోయింది అనుకుని అక్కడ బలం పెడతాం. ఇక్కడి బలం అక్కడ ఇరవై అయిదింతలై బందు మీద పడుతుంది. రంగు పెళ్ళ చెక్కుచెదరదు, బందు మాత్రం విచ్చుకుంటుంది. ఇలా ఏళ్ళ తరబడి రోజూ విరిచాక నిజంగానే రెక్క వంకరపోతుంది. మొదట లేని జబ్బును మనమే తెచ్చిపెడతామన్న మాట.

కాబట్టి సందు ఎక్కడుందో చూడ్డం మానేసి, రెక్క ఎక్కడ తగులుతోందో వెతకాలి. దీనికి పనిముట్లేమీ అక్కర్లేదు, బడి పిల్లల సుద్దముక్క చాలు. చట్రం అంచుల మీద చుట్టూతా సుద్ద దట్టంగా రుద్దండి. రెక్కను మెల్లగా, బలం పెట్టకుండా, అది ఆగే దాకా మాత్రమే మూసి తెరవండి. రెక్క మీద ఎక్కడ తెల్లటి మరక అంటిందో అదీ తగిలే చోటు. పన్ను పూడ్చిన డాక్టరు రంగు కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్న చోటు పట్టుకుంటాడే, సరిగ్గా అదే పద్ధతి. మరక బందుల పక్కన నిలువునా ఉంటే, అక్కడ పేరుకున్నదేదో అడ్డం వస్తోంది. కింది అంచులో ఉంటే తుప్పు కావచ్చు, రెక్క కిందికి జారి ఉండవచ్చు. పైన ఒక మూల అంటి, దానికి ఎదురుగా కింది మూల అంటకపోతే రెక్క మెలి తిరిగింది. మూసినప్పుడు అంతటా అంటుతూ, అయినా వదులుగా కొట్టుకుంటుంటే తప్పు పిడిది.

సుద్ద రుద్దడానికి ముందే ఇంకొకటి చూడాలి. చెబితే నవ్వొస్తుంది గానీ, మూతపడని కిటికీల్లో కొన్నింటికి కారణం కేబుల్ టీవీ వైరు. గోడకు చిల్లు పెట్టే ఓపిక లేక కిటికీ మూలలోంచి వైరు లోపలికి తెస్తారు. దాని వెనకే ఇంటర్నెట్ వైరు, ఆ వెనక ఇన్వర్టరుదో, ఏసీదో. అవతలి గదిలో కిటికీ పిడికి బట్టలారేసే తాడు కట్టి ఉంటుంది. తడి దుప్పట్ల బరువంతా రెక్క మీదే. ఏళ్ళ తరబడి ఇలా ఒక మూలన లాగుతుంటే ఎంత ఉక్కయినా మెలి తిరుగుతుంది. వైర్లకు గోడలో చిల్లు పెట్టించండి, తాడుకు గోడలో మేకు కొట్టండి. కొన్ని కిటికీలు అంతటితోనే బాగుపడతాయి.

ఇక రంగు. మన ఇళ్ళలో పండక్కి రంగు వేసే పద్ధతి మీకు తెలిసిందే. పాత రంగు మీద గరుకు కాగితం నాలుగు సార్లు అలా అలా ఆడించి, పైన ఇంకో కోటింగు. ఒక్కో విడత ప్రైమరూ రంగూ కలిసి, ఆరాక, మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త తక్కువ మందం ఉంటుందనుకుందాం. నలభై ఏళ్ళలో పన్నెండు పదమూడు విడతలు పడితే ఒక్కో అంచు మీద మిల్లీమీటరు పేరుకుంటుంది. చట్రం అంచు మీద ఒకటి, రెక్క అంచు మీద ఒకటి, మొత్తం రెండు. ఇందాకటి లెక్కలో ఒక్క మిల్లీమీటరుకే అంగుళం సందు వచ్చింది కదా. కొత్త రంగు జబ్బును ముదరబెడుతుందని మొదట్లో అన్నది ఇందుకే.

మందు తేలిక. ఆనే అంచుల మీది రంగు మొత్తం, ఉక్కు కనబడే దాకా తీసెయ్యాలి. ముఖ్యంగా బందుల పక్కన, బందుల మడతల్లో. మిగతా కిటికీ మీది పాత రంగు గట్టిగా ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. అంచులకు మాత్రం పదునైన గీకుడు రేకు, రంగును ఉబ్బించి లేపే ద్రావణం, ఓపిక, ఈ మూడూ కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకు వాడే రంగుల్లో పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత ఉందో గీకితే తెలియదు. రంగు గీకుతూ పోతే అట్టడుగున మిరపపండు రంగు కాకుండా నారింజ ఎరుపు పొర కనబడిందంటే అది రెడ్ లెడ్ కావచ్చు, అంటే సీసంతో చేసినదే. ఇటుక రంగులో ఉంటే అది మామూలు రెడ్ ఆక్సైడ్. ఏదైనా సరే, పొడిగా రుద్దకండి. నీళ్ళు చల్లుతూ తడి గరుకు కాగితంతో రుద్దండి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి, కింద పాత దుప్పటి పరిచి ఆ పెళ్ళలన్నీ మూటకట్టి పారేయండి. మంట పెట్టి రంగు కాల్చడం అసలే వద్దు, ఆ పొగలో సీసం ఉంటుంది, పక్కన అద్దం కూడా పగులుతుంది. పని అయ్యే దాకా చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని ఆ గదిలోకి రానివ్వకండి.

రంగు తర్వాత తుప్పు. కోస్తాలో ఉన్నవాళ్ళకు ఇదే అసలు శత్రువు. తుప్పు అంటే ఇనుము తరిగిపోవడం అనే మనం అనుకుంటాం. తరగడం నిజమే, కానీ తరిగే ముందు ఉబ్బుతుంది. పోయిన ఇనుము కంటే దాని తుప్పు రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు తీసుకుంటుంది, అది ఏ రకం తుప్పు అన్నదాన్ని బట్టి. ఆ ఉబ్బుకు ఎదురు నిలిచే శక్తి గాజుకు లేదు. కిటికీ అద్దం కింది మూలలో, ఎవరూ రాయి వేయకుండానే ఏటవాలుగా పగిలి ఉండడం చూసే ఉంటారు. అది పిల్లల క్రికెట్టు బంతి పని కాదు. అద్దం వెనక పుట్టీ ఎండి బీటలిచ్చింది, ఆ బీటలోకి వాన నీళ్ళు దిగాయి, లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి అద్దాన్ని నొక్కింది. అద్దం మార్చి, తుప్పు వదిలేస్తే, కొత్త అద్దం కూడా అక్కడే పగులుతుంది.

సముద్రపు గాలిలో ఉండే ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. అందుకే వాన లేని రోజుల్లో కూడా భీమిలి, కాకినాడ, మచిలీపట్నం వైపు ఇళ్ళలో ఇనుము పైన కంటికి ఆనని తడి ఉంటుంది. ఆ ఉప్పు మీదే ప్రైమర్ వేస్తే, ప్రైమర్ కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి గీకడానికి ముందు ఒకసారి, గీకాక ఒకసారి కిటికీని మంచినీళ్ళతో కడగాలి. తీరం వాళ్ళు ఈ ఒక్క పనీ మానకూడదు. హైదరాబాదు, వరంగల్లు వైపు ఉప్పు బాధ లేదు. అక్కడ కింది కమ్మీ గాడిలో దుమ్ము చేరి, వానకు బురదై, ఆ బురద తేమను పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పుల్లతో తీసినా పోతుంది.

తుప్పు పెళ్ళలను వైరు బ్రష్షుతోనూ, మొద్దు ఉలితోనూ రాల్చాలి. సుత్తి వాడితే చిన్నది వాడండి, రెక్కకు వెనక వైపు చెక్క దిమ్మ ఆనించి కొట్టండి. అంతా రాలాక అసలు కమ్మీ ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. పైపైన గుంటలు పడి ఉంటే రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీతో నింపి, ఆరాక ఆకురాయితో చదును చెయ్యవచ్చు. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే అవతలికి దిగిపోతోందంటే ఆ ముక్క కోసి కొత్త కమ్మీ అతికించాలి. సాధారణంగా పోయేది కింది కమ్మీ ఒక్కటే. దాని కోసం కిటికీ మొత్తం పీకెయ్యడం నాకు నచ్చని పని.

కిటికీ మొత్తం మార్చక తప్పని పరిస్థితీ ఉంది, అదీ చెబుతాను. చట్రాన్ని గోడలోకి పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టులు గోడ లోపలే తుప్పు పట్టి ఉబ్బితే, చట్రం మధ్యలో లోపలికి వంగుతుంది. చట్రం నిలువు కమ్మీ వెంబడి పై నుంచి కిందికి ఒక దారం బిగువుగా పట్టి చూడండి. కమ్మీకీ దారానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటే, పక్కన గోడ పూత కూడా పగిలి ఉంటే, జబ్బు గోడ లోపల ఉంది. ఒకటి రెండు చోట్లయితే గోడ తొలిచి బాగుచేయించవచ్చు. చుట్టూతా అలాగే ఉంటే మాత్రం ఆ చట్రం పని అయిపోయినట్టే. అప్పుడు కొత్తది పెట్టించుకోండి. అప్పుడు కూడా ఒక మాట ఆలోచించండి. జరుగుడు కిటికీలో రెండు పలకలుంటే ఏ వేళా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ నిండా తెరుచుకుంటుంది. కరెంటు పోయిన మే నెల రాత్రి ఆ సగం తేడా తెలుస్తుంది.

ఇక రెక్క జారడం, మెలి తిరగడం, ఈ రెండింటి సంగతి చూద్దాం. రెక్క తెరిచి, పిడి ఉన్న అంచును రెండు వేళ్ళతో పైకెత్తి చూడండి. లటుక్కున పైకీ కిందికీ ఆడితే బందు ఇరుసు అరిగింది. అరుగుదల కొద్దిగా ఉంటే బందు రెండు భాగాల మధ్య ఇత్తడి వాషరు వేస్తే రెక్క పైకి లేస్తుంది, బందు విడదీయడానికి వీలున్న రకమైతేనే. లేకపోతే వెల్డరు పాత ఇరుసు తొలిచి కొత్తది వేస్తాడు. బిగుసుకుపోయిన బందును మాత్రం విరవకండి. కిరసనాయిలు, ఇంజనాయిలు సమంగా కలిపి సాయంత్రం చుక్కలు వేసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు మెల్లగా ఆడించండి. ఒకరోజుకు కదలకపోతే రెండో రోజు. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. తర్వాత ఆ జిడ్డు తుడిచెయ్యాలి, జిడ్డు మీద రంగు నిలవదు.

మెలి తిరిగిన రెక్కను సరిచేసే పాత పనివాళ్ళ ఉపాయం ఒకటుంది. సుద్ద మరక అంటిన మూల, అంటే ముందుగా తగిలే మూల దగ్గర, రెక్కకూ చట్రానికీ మధ్య ఒక చెక్కముక్క పెడతారు. ఎదురు మూలను, అంటే ఎడంగా ఉన్న దాన్ని, అరచేతితో నిదానంగా చట్రం వైపు తెస్తారు. కొద్దిగా తెచ్చి వదిలి, మళ్ళీ సుద్ద రుద్ది చూస్తారు. ఇంకొద్దిగా, మళ్ళీ సుద్ద. ఉక్కుకు సాగే గుణం ఉంది కాబట్టి వదలగానే కొంత వెనక్కి పోతుంది. అందుకే మనకు కావలసిన దానికంటే రవంత ఎక్కువే వంచాలి. ఈ పని చేసేటప్పుడు రెక్కలో అద్దం ఉండకూడదు. ఇది మాత్రం రాజీ లేని షరతు. అద్దం ఉండగా రెక్క మెలి తిప్పితే అది పగిలి చేతిలో దిగుతుంది.

ఇవన్నీ చెప్పడం సుళువే, చేయబోతే మొదట అడ్డొచ్చేది కిటికీ గ్రిల్లు. మన ఇళ్ళలో రెక్క బయట, గ్రిల్లు లోపల. ఊచల మధ్యనుంచి చెయ్యి మణికట్టు దాకా కూడా దూరదు. కింది అంతస్తయితే బయటికెళ్ళి స్టూలు వేసుకుని చేసుకోవచ్చు. పై అంతస్తుల్లో మాత్రం సన్‌షేడు మీద నిలబడి ఈ పనికి దిగకండి. అది వర్షం ఆపడానికి కట్టింది, మనిషిని మోయడానికి కాదు. సారవ కట్టి పనిచేసేవాళ్ళను పిలవండి. గ్రిల్లు స్క్రూలతో బిగించినదైతే అదృష్టమే, విప్పి పని చేయించండి. చట్రానికే వెల్డింగు చేసి ఉంటే, ఈ విడత ఎలాగూ వెల్డరు వస్తాడు కాబట్టి, దాన్ని కోయించి స్క్రూలతో బిగించేలా మార్పించుకోండి. అగ్నిప్రమాదం వస్తే తెరవగలిగే గ్రిల్లు కనీసం ఒకటైనా ఇంట్లో ఉండాలని కూడా మనసులో పెట్టుకోండి.

వెల్డరు వచ్చినప్పుడు పక్కనే ఉండండి. అతుకు పొడవునా ఒకే ఊపులో వెల్డు చేస్తే వేడికి సన్నటి కమ్మీ వంగిపోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేస్తూ, చల్లారనిస్తూ చెయ్యమనండి. లోపలి అంచుల మీద వెల్డు గడ్డ మిగిలితే మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఆ గడ్డను మాత్రం అరగదీయవచ్చు, ఎంతవరకంటే చుట్టుపక్కల కమ్మీతో సమానమయ్యే వరకు.

పిడి దగ్గరికి వద్దాం. దాని ముక్కు చట్రం మీది చిన్న రేకు వెనక పడి రెక్కను లోపలికి బిగిస్తుంది. ఎన్నో ఏళ్ళు తిప్పగా తిప్పగా ముక్కో రేకో అరిగిపోతుంది. రేకు వెనక పలచటి ఇత్తడి ముక్క వేసి ఎత్తు చేస్తే చాలు, రెక్క మళ్ళీ బిగువుగా కూర్చుంటుంది. కొత్త పిడి కొనవలసి వస్తే పాతది పట్టుకెళ్ళి సరిపోల్చుకోండి. స్క్రూ చిల్లులు ఒకదానికొకటి కలవని పిళ్ళు బజారులో బోలెడు.

పశ్చిమం వైపు కిటికీ పొద్దున బాగానే మూసుకుని, మూడు గంటల ఎండలో పట్టేస్తోందని కొందరంటారు. నిజమే. 1.2 మీటర్ల ఉక్కు కమ్మీ 30 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా సాగుతుంది. అంత తేడాకే పట్టేసిందంటే అక్కడ పేరుకున్న రంగు తీయవలసి ఉందని అర్థం.

ఇక అంతా సరిచేశాక అద్దాలు, రంగు. ఇనప కిటికీకి వాడే పుట్టీ వేరు, చెక్క కిటికీకి వాడేది వేరు. సుద్ద పొడి, అవిసె నూనె కలిపిన మామూలు పుట్టీ గట్టిపడాలంటే దాని నూనెను చెక్క కొంత పీల్చుకోవాలి. ఉక్కు పీల్చుకోదు. అందుకే ఆ పుట్టీ ఇనప కిటికీలో నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. కొట్లో అడిగేటప్పుడు ఇనప కిటికీలకు అని నొక్కి చెప్పండి. పుట్టీ పెట్టే ముందు కమ్మీ గాడికి ప్రైమర్ వేసి తీరాలి. రేపు నీళ్ళు దిగేది అక్కడికే. పైపొర గట్టిపడే దాకా వారం పది రోజులు ఆగి రంగు వేయండి. రంగు పుట్టీ అంచు దాటి అద్దం మీదికి రెండు మిల్లీమీటర్లు ఎక్కాలి. ఆ గీత నీళ్ళు దిగకుండా కాపాడే ముద్ర. మన పెయింటర్లు అందంగా ఉండాలని బ్లేడుతో ఆ గీతను గీకేస్తారు. గీకొద్దని ముందే చెప్పండి.

ప్రైమర్ విషయంలో ఆలస్యం చేయకూడదు. ఉక్కు బయటపడ్డ రోజే వేయాలి. సముద్రం ఒడ్డున అయితే గీకిన కొన్ని గంటలకే పసుపుపచ్చటి తుప్పు పొర మళ్ళీ కనబడుతుంది. పొద్దున మంచు ఆరాక పని మొదలుపెట్టి, సాయంత్రానికి మొదటి ప్రైమర్ పడేలా చూసుకోండి. తీరంలో జింక్ ఫాస్ఫేట్ కలిసిన ప్రైమరో, ఎపాక్సీ ప్రైమరో వాడటం మంచిది. లోపలి ఊళ్ళలో రెడ్ ఆక్సైడ్ చాలు. ఆనే అంచులకు పలచగా వేయమనండి, రంగు కూడా ఒక్క చేయే. బందుల ఇరుసులకు, ఇత్తడి భాగాలకు రంగు తగలకూడదు. రాత్రికి రెక్కలు తెరిచే ఉంచాలి. దొంగల భయమో దోమల భయమో ఉంటే ఆ గది తలుపు వేసుకోండి. పచ్చి రంగు మీద కిటికీ మూస్తే పొద్దుటికి అతుక్కుపోతుంది, విప్పబోతే రెండు పొరలూ ఊడతాయి. పూర్తిగా ఆరాక అంచుల మీద కొవ్వొత్తి ఒకసారి రుద్దండి.

ఇంకా సన్నటి సందు మిగిలితే బజారులో దొరికే స్పాంజి పట్టీ అంటించాలనిపిస్తుంది. మందపు పట్టీ వద్దు, ముఖ్యంగా బందుల పక్కన అసలు వద్దు. రంగు పెళ్ళ చేసిన పనే అదీ చేస్తుంది. పలచటి రబ్బరు పట్టీ, అదీ పిడి ఉన్న పక్క మాత్రమే.

చివరగా రెక్క కింది చిల్లుల బద్ద. హార్డ్‌వేర్ కొట్లో పెగ్ స్టే అని అడిగితే ఇస్తారు. చాలా ఇళ్ళలో ఇది విరిగి ఏనాడో పోయి ఉంటుంది, దాని బదులు ఇటుకముక్కో తాడో. బద్ద లేని రెక్క ప్రతి గాలికీ వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది, ఆ దెబ్బ బందులు తింటాయి. ఇంత కష్టపడి సరిచేసిన రెక్కను ఒక్క ఈదురుగాలి మళ్ళీ వంచెయ్యగలదు. కాబట్టి బద్ద బిగించకుండా వెల్డరుకు డబ్బులిచ్చి పంపకండి. దాని ఇరుసులో ఏడాదికోసారి, వానలకు ముందు, రెండు చుక్కల నూనె వేయండి. అదే రోజు కింది కమ్మీ గాడిలో దుమ్ము కూడా తీసేయండి.